ముఖకాంతియు తెల్లదనమును

ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు సద్దుల బతుకమ్మను చెరువున సాగనంపునప్పుడు, తంగేడు పూల మీద నిలిపిన పసుపు గౌరమ్మను మన ప్రాంతపు స్త్రీలు నీటిపాలు కానీయరు. ఆ పసుపును కొంచెము పుస్తెలకు అద్దుకొని, కొంచెము ముఖమునకు రాసికొని, ప్రక్కనున్నవారికి పంచిపెట్టుదురు. ఆ వేళ ఎవరును "ఇది రాసికొన్నచో నేను తెల్లబడుదునా?" అని అడుగరు. పచ్చని ముఖమైనను, చామనచాయ ముఖమైనను, నల్లని ముఖమైనను ఆ పసుపుతో ఒక్కతీరుగనే కళకళలాడును. మన పెద్దలు ముఖకాంతి యన్నది దీనినే. అది రంగు కాదు; ఆరోగ్యమును, శుభ్రతయు, మనస్సునందలి నెమ్మదియు కలిసిన యొక కళ.

సోదరీమణులారా! ఈ కళకును తెల్లదనమునకును గల భేదమును మరచుటచే మా బంధువుల యింట జరిగిన సంగతి నొకదానిని ముందుగ చెప్పి, పిదప ముఖసంరక్షణమునకు నిజముగ కావలసిన వేవియో నాకు తెలిసినంతవరకు వివరింతును.

మా అక్కగారి రెండవ కుమార్తె చదువు ముగించి యింట నుండెను. చామనచాయ; మచ్చ యెరుగని చర్మము. మాఘమాసమున ఒక సంబంధమువారు వచ్చి, పిల్లను చూచి, చదువు సంగతి యడిగి, తృప్తిగనే మాటలాడి, పోవునప్పుడు వాకిట నిలిచి "పిల్ల బాగున్నది గాని రంగు కొంచెము తక్కువ" అని యొక మాట విడిచి పోయిరి. ఆ మాట మా అక్కగారి గుండెలో ముల్లై నిలిచినది. పొరుగున నొకామె చెప్పగా మందుల దుకాణమునుండి ఒక చిన్న ట్యూబు తెప్పించిరి. రాత్రిపూట పూయ మొదలిడిన పదునైదు దినములకే ముఖము నునుపెక్కి తెల్లబడజొచ్చెను. ఆ దినములలో నేను పోయి చూచి "బిడ్డ ముఖము విచ్చుకొన్నది" అని మెచ్చుకొంటిని. నాలుగక్షరములు చదివినదాననయ్యు, ట్యూబు మీద నేమి వ్రాసియున్నదో చూడవలెనని నాకు తోచలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు నా యా తప్పే ముఖ్యకారణము.

వైశాఖమునకు కథ మారినది. రెండు దినములు క్రీము మానినచో ముఖము ఎర్రబడి మండును; మరల పూసినచో చల్లారును. చెక్కిళ్ల మీద సన్నని యెర్రని నరములు దారములవలె తేలినవి. గడ్డము చుట్టును మొటిమలు, చెంపలపై నూగువెండ్రుకలు మొలచినవి. ముగ్గు వేయుటకు వాకిటికి వచ్చినను "చిన్నమ్మా, ముఖము కాలుతున్నది" అని లోనికి పరుగెత్తెడిది. చివరకు చర్మవ్యాధుల వైద్యురాలి కడకు కొనిపోతిమి. ఆమె ముఖమును ఒక్క నిమిషము చూచి "ముందు ఆ ట్యూబు తీసికొని రండు" అనిరి.

ట్యూబు మీద చీమతలలవంటి అక్షరములతో మూడు మందుల పేర్లున్నవి: మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. ఇందు మొదటిది స్టెరాయిడు. ఈ మూడింటి కలయికను కొన్ని విధముల మచ్చలకు, కొన్ని వారములు మాత్రము, తమ కనుసన్నలలో వైద్యులు వాడించుట కలదు. తెల్లబడుటకై నెలల తరబడి పూసికొనుటకు అది పుట్టలేదు. వైద్యురాలు మాకు చెప్పిన దేమనగా: స్టెరాయిడు చర్మములోని సన్నని రక్తనాళములను ముడిచి, వాపును అణచి, రంగును పుట్టించు కణముల పనిని తగ్గించును; అందుచే తొలిదినములలో తెల్లబడినట్లు, నునుపైనట్లు తోచును. నెలలు గడచినకొలది చర్మము పలుచబడును; ముడుచుకొన్న నాళములు తిరుగబడి వెడల్పై పైకి తేలును; పలుచని చర్మము ఎండకును, సబ్బునకును, తుదకు గాలికిని ఓర్వజాలదు. మానబోయిన మంట, పూసిన ఉపశమనము. ఇట్లు ముఖము ఆ మందునకు దాసియగును.

ఇది మా బిడ్డ యొక్కతెకు వచ్చిన కష్టము కాదు. స్టెరాయిడుచే చెడిన ముఖమునకు వైద్యులు ఒక ప్రత్యేకనామమే పెట్టియున్నారు. మన దేశమునందలి 12 వైద్యకేంద్రములలో ముఖచర్మపు బాధలతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ప్రకటించిన యొక వైద్యవ్యాసము ప్రకారము, వారిలో 433 మంది ముఖమునకు స్టెరాయిడు పూయుచున్నట్లు తేలినది. అనగా ఇంచుమించు ఏడుగురిలో ఒకరు. వారిలోను స్త్రీలే అధికము. 2018లో కేంద్రప్రభుత్వము పైపూత స్టెరాయిడులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. అయినను మా ఇంటికి ఆ ట్యూబు చీటీ లేకయే వచ్చినది.

పాదరసము సంగతి యింకను భయంకరము. తెల్లబరచునని చెప్పి అమ్ము కొన్ని క్రీములలో పాదరసపు లవణములు కలుపుదురు. అది చర్మముద్వారా రక్తమున చేరి మూత్రపిండములను చెరుచును. కేరళమున మలప్పురము జిల్లా కొట్టక్కల్‌లోని వైద్యులు 2021 జులై మొదలు 2023 సెప్టెంబరు వరకు ఒక విధమైన మూత్రపిండవ్యాధితో వచ్చిన 22 మందిని పరీక్షించిరి. వారిలో 15 మందికి ఆ వ్యాధియందే యొక అరుదైన లక్షణము కనబడెను. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరచు క్రీములు వాడినవారే. ముఖమునకు పూసిన క్రీము మూత్రపిండముల మీదికి వచ్చుననగా ఎవరు నమ్ముదురు? మన దేశపు నిబంధనల ప్రకారము ముఖమునకు పూయు వస్తువులలో పాదరసము, అదియు తెలియక చేరినదైనను, పది లక్షల పాళ్లలో ఒక పాలునకు మించరాదు. పాదరసము కలిపిన సౌందర్యద్రవ్యములను 2025 నాటికి పూర్తిగ మాన్పవలెనని మినమాటా ఒడంబడికలోని దేశములు 2023లో నిర్ణయించుకొన్నవి. చట్టము పుస్తకమున నుండును. ట్యూబు మన యలమరలో నుండును. కనిపెట్టవలసినవారము మనమే.

"మన శాస్త్రములలో ముఖమునకు పూతలు చెప్పలేదా?" యని మీరడుగవచ్చును. చెప్పినారు, ఎంతయో జాగ్రత్తతో చెప్పినారు. చరకసంహితయందు వర్ణమును బాగుచేయు పది ద్రవ్యములలో చందనము, వట్టివేరు, యష్టిమధుకము, మంజిష్ఠ, సుగంధిపాల ఉన్నవి. అష్టాంగహృదయము సూత్రస్థానము 22వ అధ్యాయమున వాగ్భటుడు ముఖలేపమును గూర్చి చెప్పుచు ఆరు ఋతువులకు ఆరు లేపములు విధించినాడు. పూత ఎంత మందముండవలెనో అంగుళపు భాగములతో కొలిచి చెప్పినాడు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు: లేపమును ఎండిపోనీయరాదు, ఎండిన లేపము కాంతిని చెరుచును, దానిని తడిపి తీసి, పిదప నూనె రాయవలెను. లేపము పెట్టుకొన్నవారు పగటినిద్రను, అధికభాషణమును, అగ్నిని, ఎండను, శోకమును, కోపమును విడువవలెను. శనగపిండి పూత పెళుసై పగుళ్లిచ్చువరకు కూర్చుండి, పిమ్మట గోళ్లతో గీకికొను మన యలవాటునకు ఆ గ్రంథము ఎంత దూరమో చూడుడు! నేటి చర్మవైద్యులును కడిగిన పిమ్మట తేమ నిలుపు స్నిగ్ధద్రవ్యము రాయవలెననియే చెప్పుచున్నారు. ఈ మాటలో పాతకును క్రొత్తకును పేచీ లేదు.

ఈ రెంటిని కలిపి చూడగా ముఖమునకు నిత్యము కావలసినవి మూడే యని నాకు తోచుచున్నది: శుద్ధి, స్నిగ్ధత, నీడ.

మొదటిది శుద్ధి. ఉదయము నొకసారి, రాత్రి పండుకొనుటకు ముందొకసారి ముఖము కడిగినచో చాలును. చెమట పట్టి వచ్చినప్పుడు ఉత్త నీటితో మరియొకసారి. చర్మము స్వభావముచేత కొంచెము పులుపు గుణము కలది. ఒంటిసబ్బు క్షారగుణము కలది. కావున మాటిమాటికి సబ్బు రుద్దిన ముఖము బిగుసుకొని పొలుసులు లేచును. సున్నిపిండి వాడువారు పెసరపిండిని గుడ్డలో జల్లించి, మెత్తని పొడిని నీటితోనో పాలతోనో పలుచగ కలిపి, వ్రేళ్ల కొనలతో తేలికగ రాసి, తడి యారకముందే కడుగవలెను. పెండ్లినలుగు నాడు ఒంటికి రుద్దినట్లు ముఖమునకు రుద్దరాదు. బరక పిండి చర్మమును గీరును. తలంటినప్పుడు కుంకుడు రసమును ముఖము మీదికి, కన్నులలోనికి రానీయరాదు. నిమ్మరసము రాసికొని ఎండలోనికి పోయినచో చర్మము పొక్కి నల్లని మచ్చ కట్టును. వంటసోడా, పండ్లు తోముకొను పేస్టు ముఖమునకు పనికిరావు. పౌడరు, కాటుక, పెదవిరంగు పెట్టుకొన్న దినమున వానిని తొలగింపక నిద్రపోరాదు. దూది మీద నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి తుడిచి, పిదప కడిగినచో అన్నియు వదలిపోవును.

రెండవది స్నిగ్ధత. మన కరీంనగర, ఆదిలాబాదు సీమలకు ఒక విశేషము కలదు. మే మాసమున 45 డిగ్రీలు దాటు ఎండయు మనదే. పుష్యమాసమున ఆదిలాబాదు అడవిపల్లెలలో 5 డిగ్రీల దరిదాపులకు దిగు చలియు మనదే. ఒకే క్రీము, ఒకే నూనె సంవత్సరమంతయు పనికివచ్చు ననుకొనుట పొరపాటు. వాగ్భటుడు ఋతువునకొక లేపము చెప్పినది ఇందుకే కాబోలు. చలికాలమున ముఖము కడిగి, తడి పూర్తిగ ఆరకముందే కొబ్బరినూనెయో, వాసనలేని తెల్లని పెట్రోలియం జెల్లీయో పలుచగ అద్దినచో చర్మము పగులదు. పెదవులకును మడమలకును అదియే మందు. ఆదిలాబాదు గోండు కుటుంబములలో ఇప్ప గింజల నూనెను వంటకును, దీపమునకును, ఒంటికిని వాడుట చిరకాలముగ నున్నది. చలికి అది నెయ్యివలె పేరుకొనును. వేసవిలో నూనెలు తగ్గించి, జిడ్డులేని తేలిక లేపనములను వాడవలెను. మొటిమలు వచ్చు వయసు పిల్లలకు ముఖమునకు కొబ్బరినూనె పూయరాదు. తలనూనె నుదుటి మీదికి కారకుండ చూడవలెను. మొటిమను గిల్లినచో గుంట మిగులును. గిల్లకుండుట సగము చికిత్స.

మూడవది నీడ. మనవారు అన్నిటికంటె తక్కువగ తలచునది యిది. అన్నిటికంటె ఎక్కువ మేలు చేయునదియు నిదియే. పత్తి ఏరు కూలితల్లులు, ఎండకాలమున అడవిలో తునికాకు కోయువారు, పసుపు తవ్వువారు తలమీదుగ కొంగు లాగి నుదురు కప్పుకొని, అంచును చెంపలకు చుట్టుకొందురు. పైసా ఖర్చులేని రక్ష అది. పట్నపు చదువు చదివిన మనము ఆ కొంగును మొరటుదనమనుకొని విడిచితిమి. చెంపలపై, నుదుటిపై వచ్చు మంగుమచ్చలు గర్భిణీదశలోను, కొన్ని మాత్రల వలనను పుట్టవచ్చును గాని, వానిని పెంచి పోషించునది ఎండ. పొయ్యివేడియు కొందరికి వానిని ముదురజేయును. మంగునకు ఎన్ని క్రీములు పూసినను, ఎండ తగులుచున్నంత కాలము అవి చిల్లికుండలో నీరే. శక్తి కలవారు సన్‌స్క్రీన్ అను లేపనమును, ఎస్.పి.ఎఫ్. 30గాని అంతకు మించినదిగాని, బయలుదేరుటకు పావుగంట ముందు రాసికొనవచ్చును. రెండు వ్రేళ్ల నిడివి మేర పిండిన లేపనము ముఖమునకును మెడకును కావలయును. ఎండలో నున్నంతసేపు రెండు గంటల కొకసారి మరల రాయవలయును. శక్తి లేనివారికి గొడుగు, కొంగు, చెట్టునీడ; మధ్యాహ్నపు పనిని ఉదయమునకో సాయంకాలమునకో మార్చుకొనగలిగినచో అదియును.

ఇక నిత్యాలంకారముల మాట. పసుపు తెల్లబరచు వస్తువు కాదు; వాపును, చిన్న పొక్కులను కొంత శాంతింపజేయు గుణము కలది. మన జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములు పసుపు పంటకు పేరుపడ్డవి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రక్కనున్న నిజామాబాదులోనే నెలకొన్నది. ఇంటిముందర ఇంత పంట యుండగా, విడిపొడిని కొనుట యెందుకు? పొడికి మెరుపు తెచ్చుటకై సీసము కలిసిన పచ్చరంగును చేర్చుట దక్షిణాసియా దేశములలో బయటపడిన మోసము. కొమ్ములు తెచ్చి, కడిగి, ఎండబెట్టి, ఇంట దంచుకొనుట మేలు. ముఖమునకు కస్తూరిపసుపు శ్రేష్ఠము. అంతగ మరక కట్టదు. పసుపు పడనివారును గలరు. ఏ క్రొత్త వస్తువునైనను ముందు మోచేతి లోపలివైపు కొంచెము రాసి రెండు దినములు చూచి, దురద, ఎరుపు రానిచో ముఖమునకు వాడవలెను.

మంచి కుంకుమ పసుపు, సున్నము మొదలగువానితో తయారగును. మరీ మెరయు కుంకుమలోను, కొన్ని సిందూరములలోను సీసపు పాళ్లుండవచ్చును. నొసట దురద, నలుపు కనబడినచో వెంటనే మానవలెను. స్టిక్కరు బొట్టు వెనుకనున్న జిగురులోని యొక రసాయనముచే బొట్టు పెట్టినచోట తెల్లమచ్చ పడుట వైద్యులకు చిరపరిచితమైన సంగతి. మచ్చ ఆరంభమున కనబడగనే ఆ బొట్టు మాని కుంకుమ ధరింపవలెను. రాత్రి బొట్టును అద్దమునకు అంటించి ఉదయము మరల పెట్టుకొనుట మంచిది కాదు. కాటుక యందును జాగ్రత్త వలయును. అంగడి సుర్మాలు కొన్నిటిలో సీసపు ఖనిజమే ముఖ్యద్రవ్యము. పసిబిడ్డల కన్నులలో కాటుక దిద్దరాదు. దిష్టికై చుక్క పెట్టదలచినచో పాదమున పెట్టుడు. ఒకరి కాటుకపుల్లను, పెదవిరంగును మరియొకరు వాడరాదు. అక్కచెల్లెండ్రైనను సరే.

కొనునప్పుడు డబ్బీ మీద చూడవలసిన వివి: చేసినవారి పేరు, చిరునామా, అనుమతి సంఖ్య, తయారీవరుస సంఖ్య, ఏ తేదీలోగ వాడవలెనో ఆ తేదీ, అందులో కలిపిన వస్తువుల పట్టిక. ఇవి లేని డబ్బీని, జాతరలో నైనను, ఇరుగమ్మ చేతినుండి యైనను కొనవలదు. పట్టికలో "సోన్" అని ముగియు మందుపేరుగాని, "క్లోబెటసాల్" అను పేరుగాని కనబడెనా, వైద్యుని యడుగక ముఖమునకు తాకింపవలదు. ఇప్పటికే నెలల తరబడి పూయుచున్నవారు భయపడి హఠాత్తుగ తమంతట మానక, ట్యూబును చేతబట్టుకొని చర్మవైద్యుని కడకు పోవలెను. ముఖముమీదగాని, ఒంటిమీదగాని స్పర్శ తెలియని మచ్చ కనబడినచో పూతలతో కాలము పుచ్చవలదు. అది కుష్ఠు లక్షణము కావచ్చును. సర్కారు దవాఖానాలో దానికి మందు ఉచితము. త్వరగ మొదలిడినచో పూర్తిగ నయమగును.

మా బిడ్డ సంగతి చెప్పి ముగింతును. ఆమె చర్మము నెమ్మదించుటకు ఏడెనిమిది మాసములు పట్టినది. వైద్యురాలు చెప్పిన మందులు, ఒక తేలిక లేపనము, నీడ. అంతకుమించి యేమియు ముఖమునకు తగులనీయలేదు. ఆ సంవత్సరము సద్దుల బతుకమ్మనాడు చెరువుగట్టున అందరును గౌరమ్మ పసుపు రాసికొనుచుండగా, ఆ బిడ్డ మాత్రము కొంగు చెంపల కడ్డము పెట్టుకొని దూరముగ నిలిచినది. ఆ పసుపునకైనను ఓర్వలేని స్థితిలో నుండెను ఆమె ముఖము. మా అక్కగారు ఆ రాత్రి అన్నము తినలేదు.

మరుసటి యేట గౌరమ్మ పసుపును తానే చేయి చాచి పుచ్చుకొని, నుదుట నొక చుక్క అద్దుకొన్నది. సన్నని యెర్రని గీతలు ఒకటి రెండు చెక్కిళ్లపై ఇంకను గలవు. అవి పోవునో పోవో తెలియదు. చాయ మాత్రము వెనుకటి చామనచాయయే. ఇప్పుడు ఎవరైన సంబంధము మాట తెచ్చినచో, వారడుగకమునుపే మా అక్కగారు "మా బిడ్డ చామనచాయ. ఇష్టమైనచో చూడ రండు" అని చెప్పుచున్నారు. ఆ మాట రెండేండ్ల క్రిందట వాకిట నిలిచినవారితో మేమందరము చెప్పవలసియుండెను.